వేసవి సెలవులు – ఒంటరి తల్లి

వేసవి రాగానే పత్రికల మహిళా పేజీల్లో సలహాలు మొదలవుతాయి. పిల్లల సెలవుల్లో తల్లి ఒత్తిడికి లోనుకాకుండా ఉండాలంటే టైంటేబుల్ వేసుకోవాలి, పిల్లల్ని సంగీతానికో ఈతకో పంపాలి, తనకోసం రోజూ అరగంట మిగుల్చుకోవాలి. ఇవి రాసేవారి ఊహలో ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉంటుంది, లేదా డబ్బుంటుంది. భర్త చనిపోయిన, వదిలేసిన, లేదా తానే అతన్ని వదిలి బయటికొచ్చిన స్త్రీ ఆ పేజీల్లో లేదు. పొద్దున ఏడింటికి పనికి బయల్దేరే ఆమెకున్నది ఒకటే ప్రశ్న: సాయంత్రం దాకా పిల్లలు ఎక్కడుండాలి?

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టిన రోజే ఈ ప్రశ్న మొదలవుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, దాదాపు 50 రోజులు, బడి పూర్తిగా మూత. నగరంలో ఇళ్లలో పనిచేసే స్త్రీ రేకుల గదికి బయట గొళ్లెం పెట్టి వెళుతుంది. లేదా పిల్లను వెంట తీసుకెళుతుంది. అలా వెళ్లిన పదేళ్ల పిల్ల నాలుగు రోజుల్లో అంట్ల దగ్గర కూర్చుంటుంది. పల్లెలో పెద్దపిల్ల చంకలోకి తమ్ముడు చేరతాడు. చెరువుల్లో, క్వారీ గుంతల్లో ఈతకు దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు ప్రతి మే నెలా చదువుతూనే ఉన్నాం. తల్లిదే నిర్లక్ష్యమని ఎవరో ఒకరు అననే అంటారు.

అమ్మమ్మ ఊరుంది కదా అంటారు. భర్తతో నాలుగు రోజులకు వచ్చిన కూతురు వేరు, పిల్లలతో ఒంటరిగా నెలన్నర ఉండటానికి వచ్చిన కూతురు వేరు. రెండో ఆమె పిల్లల తిండికి తన చాకిరీతో చెల్లు పెట్టాలి. ఈలోగా పట్నంలో ఆమె పనిని ఇంకొకరికి ఇచ్చేస్తారు. జూన్‌లో పుస్తకాలకు నూటికి అయిదు వడ్డీకి అప్పు.

చట్టాల దృష్టిలో పిల్లల సంరక్షణ ఆరేళ్లతో ముగుస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం క్రెష్ పెట్టమన్నది ఆరేళ్లలోపు వారికే. పనిచోట అయిదుగురు పిల్లలుంటే చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టమని 2005 ఉపాధి హామీ చట్టం అన్నది, వాళ్లూ ఆరేళ్లలోపే. అంగన్‌వాడీ అంతే. ఆ తర్వాత బడే క్రెష్, ఎవరూ ఆ మాట అనకపోయినా. మరి బడి మూస్తే? 2013 ఆహార భద్రతా చట్టం బడిపిల్లలకు మధ్యాహ్న భోజనాన్ని హక్కుగా ఇస్తూనే సెలవు రోజుల్ని మినహాయించింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం సెలవుల్లో పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడవచ్చన్నది. ఒక చట్టంలో సెలవు అన్నం ఆపడానికి, ఇంకో చట్టంలో పని చేయించుకోవడానికి!

సెలవుల్లో అన్నం పెట్టడం అసాధ్యమేమీ కాదు. కరువు ప్రాంతాల్లో వేసవిలోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2016 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో మళ్లీ చెప్పింది. అయితే ఇది ప్రభుత్వం కరువు ప్రకటించిన చోట్లకే. ఒక్క కూలితో నడిచే ఇంటికి వానలు బాగా పడిన ఏడాది కూడా మే నెల కరువే. దాన్ని ప్రకటించే అధికారి లేడు.

తెలంగాణ 2017లో ఒంటరి స్త్రీలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. మంచిదే. కానీ పింఛను డబ్బులు పగలంతా పిల్లను కాయలేవు.

సెలవులు రద్దు చేయమని ఎవరూ అడగడం లేదు. టీచర్లను మే ఎండల్లో రమ్మనీ కాదు. బడిలో గదులున్నాయి, నీళ్లున్నాయి, మరుగుదొడ్డి ఉంది. వంట చేసే ఆమె కూడా ఉంది. కేంద్ర పథకం లెక్కలో ఆమె గౌరవ వేతనం ఏడాదికి 10 నెలలకే. వేసవిలో ఆమె పొయ్యీ ఆరిపోతుంది. మిగిలిన రెండు నెలలూ ఆమెకు జీతమివ్వాలి. పిల్లల్ని చూసుకోవడానికి బస్తీ నుంచే ఇద్దరు స్త్రీలను పెట్టాలి. వారికివ్వాల్సింది కూలి. ‘స్వచ్ఛంద సేవ’ పేరుతో ఆడవాళ్ల చేత ఉచితంగా చేయించుకున్న పనులు ఇప్పటికే చాలా ఉన్నాయి.

మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో క్రెష్ ఉంటుంది, ఏడేళ్ల పిల్ల ఉండదు. ఈసారి ఆమెను చేర్చి, ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా, జనవరిలోనే ప్రతి మండలం నుంచి కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. ఏ బస్తీలో ఎందరు పిల్లలు పగలు ఒంటరిగా ఉంటున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జాబితాను దానికి జతచేయాలి.