చేవ్రాలు ఆమెది, పెత్తనము ఆయనది

గ్రామపాలనయందు స్త్రీలకు భాగమొసంగితిమని మనము చాలకాలముగా గర్వించుచున్నాము. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతునకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను. తెలుగు రాష్ట్రములు రెండును దానిని సగమునకు పెంచినవి. కుర్చీలు వచ్చినవి, పలుకుబడి వచ్చినదా?

పెక్కు గ్రామములలో ఎన్నికైనది భార్య. "సర్పంచిగారూ" యని పిలిపించుకొనువాడు భర్త. మండల కార్యాలయమునుండి కబురు ఆయనకే వచ్చును. తీర్మానముల పుస్తకము మాత్రము ఆమె చేవ్రాలుకొఱకు వంటయింటి గడపదాఁక నడచివచ్చును. ఇదేమని యడిగినచో "ఆమెకేమి తెలియును?" అను ప్రత్యుత్తరము సిద్ధముగ నున్నది. అయ్యా! తొలిసారి గెలిచిన పురుషుఁడు చట్టములను తల్లికడుపులోనే నేర్చుకొని పుట్టెనా? అతనికి తప్పులు చేసి నేర్చుకొను నవకాశ మిత్తురు. ఆమెకు నోరు విప్పు నవకాశమే యీయరు.

పలుకుబడి కుర్చీతోఁ బుట్టునది కాదు. పైయధికారి యెవరిని సంప్రదించునో, క్రింది జనము అర్జీ యెవరి చేతి కిచ్చునో, వారిదే పలుకుబడి. కావున భర్తకు కబురంపిన ప్రతిమాఱును అధికారి ఓటరుల తీర్పును తానొక్కఁడే రద్దు చేయుచున్నాఁడు.

అసమర్థత యను వాదము పరీక్షకు నిలువలేదు. పశ్చిమ బెంగాలు, రాజస్థానములలోని పంచాయతీలను పరిశీలించి ఛటోపాధ్యాయ, డఫ్లో అను పండితులు 2004లో ప్రకటించిన దేమనఁగా, స్త్రీలు అధ్యక్షులైన చోట్ల త్రాగునీటి పనులు అధికముగ జరిగెను. బిందె మోసినవారికి నీటి విలువ తెలియుటలో వింత యేమున్నది? 2009లో వారే మఱి ముగ్గురితోఁ గలసి పశ్చిమ బెంగాలునుగూర్చి వేఱొక సత్యమును వెల్లడించిరి. తొలిసారి స్త్రీ అధ్యక్షురాలైన గ్రామములలో జనులు ఆమెను తక్కువగ నెంచిరి. రెండవ పర్యాయమునకు పురుషులలో ఆ చిన్నచూపు సన్నగిల్లెను. లోపము పాలించువారియందుకంటె చూచువారి కన్నులయందే హెచ్చుగ నున్నదని దీనివలన తేలుట లేదా? ఒక్క పర్యాయముతోనే కేటాయింపు వేఱొక గ్రామమునకు తరలినచో, కన్నులు తెఱచుకొను వేళకే దీపమార్పినట్లగును. కనీసము రెండు పర్యాయములు దానిని నిలుపవలెను. అధికారసభలలో భర్తకు కుర్చీ వేయరాదు.

చదువరులారా! నేరమంతయు అధికారులపై నెట్టి మనము తప్పించుకొనఁ జాలము. వీధికుళాయి యెండిపోయిన నాఁడు మీ రెవరిని పేరుపెట్టి పిలిచెదరు, ఆమెనా, ఆమె భర్తనా? ఆమె సర్పంచియగుటయు కాకపోవుటయు ఆ పిలుపుమీఁదనే యాధారపడియున్నది.