స్విచ్ బోర్డు చిటపటమంటుంటే “ఏం కాదులే” అనేవాళ్ళకి



మిర్చి రేటు గురించి, తామర పురుగు గురించి రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇవాళ మన ఇంటి గోడ మీద మసిబారిన ప్లగ్గు గురించి రాస్తున్నాను. కొంచెం కోపంగానే ఉంటుంది, ఏమనుకోకండి. ఆ కోపం ముందు నా మీద నాకే.

మొన్న ఎండాకాలం కళ్ళం నుంచి తెచ్చిన మిర్చి టిక్కీలు ముందు గదిలో వేశాం. ఆ గదిలోనే కూలర్. దాని ప్లగ్గు దగ్గర చిటపటమని చప్పుడు, అప్పుడప్పుడు నీలంగా నిప్పురవ్వ. “మామయ్య గారూ, ప్లగ్గు చెయ్యి పెడితే కాలుతోందండీ” అని మా కోడలు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను అన్నది ఒకటే మాట, “ఏం కాదులే అమ్మా, కాస్త నొక్కిపెట్టు.” పదిహేను రోజులు అలాగే నొక్కిపెట్టాం. ఒక రాత్రి రబ్బరు కాలిన వాసనకి మా ఆవిడ లేచింది కాబట్టి సరిపోయింది. చూస్తే సాకెట్టు కరిగి గోడ మీదికి కారుతోంది. మూరెడు దూరంలో టిక్కీలు. ఆ పక్కన మంచం మీద మా మనవడు.

అప్పటికి కూడా ఎంసీబీ పడలేదు. మీరందరూ వినాల్సింది ఇదే.

“మా ఇంట్లో ఎంసీబీ పెట్టించాం, మాకేం భయం” అంటారు చాలామంది. నేనూ అదే అనుకున్నాను. ఎంసీబీ పడేది రెండు సందర్భాల్లోనే. లోడు మించిపోయినప్పుడు, తీగలు కలిసి షార్ట్ అయినప్పుడు. పిన్ను వదులై నిప్పులు వస్తున్నప్పుడు కరెంటు ఎక్కువేమీ పారదు. కూలర్ రోజూ తీసుకునేదే తీసుకుంటుంది. వేడి మాత్రం ఆ వదులు దగ్గరే పుడుతుంది. కాలవ గట్టుకి ఎలుక బొక్క పడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఇవాళ వేలు పట్టేంత, రేపు పిడికిలి పట్టేంత, ఎల్లుండి గండి. తూము దగ్గర నిలబడ్డవాడికి మాత్రం నీళ్ళు మామూలుగానే పోతున్నట్టు ఉంటాయి. ఇదీ అంతే. రవ్వకి లోహం నల్లబడుతుంది. నల్లబడితే కరెంటుకి అడ్డు పెరుగుతుంది. అడ్డు పెరిగితే వేడి. వేడికి పట్టు ఇంకా వదులు. అది తనంతట తాను బాగుపడే జబ్బు కాదు. దాన్ని ముందే పట్టేది మన కన్ను, ముక్కు, చెవి. అవి చెప్పినా వినకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు.

మన ఊళ్ళల్లో ఇంకో గొప్ప ఉంది. ఫ్యూజు పోయినప్పుడు లావు తీగ చుట్టినవాడు మొనగాడు. “ఇక జన్మలో పోదు చూడు” అని మీసం తిప్పుతాడు. అయ్యా, ఆ తీగ సన్నగా పెట్టింది కాలిపోవడానికే. అది కాలితే ఇల్లు మిగులుతుంది. దాన్ని కాలకుండా చేస్తే గోడలో వైరు కాలుతుంది. పాముని చూసి మొరిగిన కుక్కని కొట్టి చంపినట్టుంది ఈ తెలివి.

వైరు కొసలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్ల కుక్కేది మనమే. మూడో పిన్ను పట్టలేదని విరగ్గొట్టేది మనమే. ఆ పిన్నే ఎర్త్. అది లేని ఇనుప కూలర్‌కి లోపల వైరు తగిలితే ఒళ్ళంతా కరెంటే. 6 ఆంప్స్ సాకెట్టులో నీళ్ళు కాచే హీటర్ రాడ్డు పెట్టేదీ మనమే. 1500 వాట్ల రాడ్డుని 230 వోల్టులతో భాగించండి, ఆరున్నర ఆంప్స్ వస్తుంది. 2000 వాట్ల గీజరైతే తొమ్మిదికి దగ్గర. వీటికి 16 ఆంప్స్ సాకెట్టు కావాలి. క్వింటాళ్ళు, తరుగు లెక్క వేసే మనకి ఈ లెక్క కష్టమా?

“మిక్సీలో కూడా రవ్వలు వస్తాయి కదా” అని ఒక బాబాయ్ అడిగాడు. మంచి ప్రశ్నే. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు ఉంటాయి, లోపల సన్నగా రవ్వ కనిపించడం మామూలే. స్విచ్చు వేసినప్పుడు లోపల ఒక్క మెరుపు కూడా అంతే. రవ్వ పెద్దదైనా, ఆగకుండా వస్తున్నా, వాసన, పొగ, నల్లటి మరక ఉన్నా, ప్లగ్గు కాలుతున్నా అది మామూలు కాదు.

అప్పుడేం చెయ్యాలి? ప్లగ్గు పట్టుకుని లాగొద్దు. చెయ్యి పొడిగా ఉంటే, స్విచ్చు బాగుంటే ముందు స్విచ్చు తియ్యండి. బోర్డే మండుతుంటే దాని జోలికి పోకుండా మెయిన్ ఆఫ్ చెయ్యండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇవాళే చూపించండి. నీళ్ళు పొయ్యొద్దు. పొడి ఇసక చల్లండి. మంట పెద్దదైతే మనుషుల్ని బయటికి తెచ్చి 101కి ఫోన్ చెయ్యండి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టేస్తే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ తియ్యండి, తర్వాత 108. టేపు చుట్టి మళ్ళీ వాడొద్దు. కాలిన సాకెట్టు, ప్లగ్గు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా తినేస్తుంది. కూలర్‌లో నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు తీసి పొయ్యండి.

“డబ్బులెక్కడివి?” అంటారు. నాకైన లెక్క చెప్తాను. సాకెట్లు, ఐఎస్ఐ వైరు, ఎర్త్ గుంత, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ కలిపి ఆరు వేల రెండొందలు. ఆర్‌సీసీబీ అంటే, మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే రెప్పపాటులో సప్లై తీసేసేది. ఆ పని ఎంసీబీ చెయ్యదు. వదులు పిన్ను రవ్వని మాత్రం ఇది కూడా పట్టదు, అది గుర్తుపెట్టుకోండి. ఎకరం మిర్చికి పురుగుమందు రెండు మూడుసార్లు కొడితే అయ్యే డబ్బు ఇది. ఆకు ముడుచుకుంటే అప్పు చేసైనా ఆ సాయంత్రమే మందు తెస్తాం. ప్లగ్గు నల్లబడితే పదిహేను రోజులు చూస్తాం. చేనికున్న విలువ ఇంట్లో మనుషులకి లేదా?

“కరెంటోళ్ళదే తప్పు” అనేవాళ్ళూ ఉన్నారు. స్తంభం దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తప్పుంటే గట్టిగా అడుగుదాం, 1912కి ఫోన్ చేద్దాం, మనం మాత్రం ఎక్కొద్దు. మీటరు దాటాక లోపలున్నదంతా మనది. అక్కడ అడగాల్సింది మనల్నే.

“రాసిపెట్టి ఉంటే ఎలాగైనా పోతారు” అనే మాట నా దగ్గర అనొద్దు. ఆ రాత్రి మా మనవడి మంచం పక్కన నిలబడ్డాక ఆ మాట వినే ఓపిక నాకు లేదు. రాసింది ఎవరో కాదు. పదిహేను రోజులు నొక్కిపెట్టమని చెప్పింది నేనే.

ఇవాళ సాయంత్రం ఒక్క పని చెయ్యండి. ఇంట్లో ఆడవాళ్ళని అడగండి, ఏ స్విచ్చు జిల్లుమంటోంది, ఏ ప్లగ్గు కాలుతోంది అని. రోజూ వాటి మీద చెయ్యి పెట్టేది వాళ్ళే, వాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఈసారి “ఏం కాదులే” అనకుండా వినండి.