కుండీలోని మర్రి నింద్యమా?

మన సంఘముల ఉగాది సభలలో ఒక మాట మేము ఏండ్ల తరబడి వినుచున్నాము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నుండి విచ్చేసిన అతిథులు శాలువ కప్పించుకొని, మన భాషాభిమానమును నాలుగు మాటలతో మెచ్చుకొని, పిమ్మట ఒక నిట్టూర్పు విడుతురు. పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుండీలో పెట్టిన బోన్సాయ్ చెట్టు వంటిదనియు, అది బ్రతికి యుండును గాని ఎదుగదనియు సెలవిత్తురు. సభవారు చప్పట్లు కొట్టుదురు. తమను మరుగుజ్జులన్నందుకు చప్పట్లు కొట్టు జనులు మరియొకచోట కలరో లేరో మాకు తెలియదు.

మేము పదవీ విరమణ చేసిన గుమాస్తాలము. మెట్రిక్యులేషన్‌తో మా చదువు ముగిసినది. భాషాశాస్త్రమున మాకు ప్రవేశము లేదు. కాని మిద్దె మీద కుండీలలో మర్రిని, రావిని, జువ్విని, చింతను పెంచుచున్నవారము గనుక, బోన్సాయ్ అను మాటను ఎవరైన నిందగా వాడినపుడు ఊరకుండజాలము. ఉపమానము చెప్పువారు ముందుగా ఆ వస్తువును ఎరుగవలెను. ఈ అతిథులలో ఎందరు ఒక చిన్న కుండీకి ఒక వేసవి యంతయు నీరు పోసియుందురు? కావున ఆ చెట్టును గూర్చి లోకమున వ్యాపించిన అపవాదులను ఒక్కొక్కటిగా విచారించి, తుదకు ఆ ఉపమానము మనకు తగునో తగదో చెప్పెదము.

మొదటి అపవాదు హింస. చెట్టును తిండి పెట్టక మాడ్చి, వేళ్లు నరికి, తీగలతో బంధించి గిడసబార్చుదురని అందురు. ఇది దగ్గర నిలిచి చూడనివారి మాట. మాడ్చిన చెట్టు పొట్టిది కాదు, చచ్చును. నేలలోని చెట్టు వాన లేనపుడు వేళ్లను లోతునకు పంపి నీరు వెదకికొనును. కుండీలోని చెట్టునకు ఆ వీలు లేదు; నాలుగు అంగుళముల మన్నే దానికి లోకము. కావున దాని ప్రాణము పెంచువాని చేతిలో నున్నది. వేసవిలో ఉదయమొకసారి, సాయంకాలమొకసారి వ్రేలితో మన్ను తాకి చూడవలెను. పై మన్ను ఆరినదని తోచినపుడు అడుగు రంధ్రము నుండి కారువరకు నీరు పోయవలెను. నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును గనుక మన్నును జల్లెడ పట్టి, దుమ్ము పారవేసి, ఇటుక ముక్కలు, ముతక ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. అప్పుడప్పుడు వేపపిండి, ఎముకల పొడి వేయవలెను. పిండినల్లి పట్టినచో ఆకు ఆకును తుడువవలెను. ఇంత సేవ పొందుచున్న చెట్టును మాడ్చుచున్నారనుట న్యాయమా?

వేళ్లు కత్తిరించుట నిజమే. కారణమును కూడ వినుడు. కుండీలో వేళ్లు పెరిగి పెరిగి ఒకదానినొకటి చుట్టుకొని, తుదకు మన్నున్న చోటంతయు వేళ్లే నిండి, నీరు ఇంకుటకు సందు లేకపోవును. అట్లే విడిచినచో చెట్టు క్రమముగా క్షీణించును. అందుచేత వేగముగా పెరుగు మర్రి, రావి జాతులను సుమారు రెండేండ్ల కొకసారి, తొలకరి సమయమున కుండీ నుండి తీసి, వేళ్లలో ఇంచుమించు మూడవ వంతు కత్తిరించి, క్రొత్త మన్నులో మరల నాటుదురు. కత్తిరించిన చోటుల నుండి సన్నని పీచు వేళ్లు పుట్టును. మన్నులోని నీటిని, సత్తువను పీల్చునవి ముఖ్యముగా ఆ లేత వేళ్లే. వేరు కోతను శిక్ష యనువారు దానిని సగమే చూచిరి. అది ముదిసిన చెట్టునకు మరల యౌవనమిచ్చు చికిత్స.

ఇక తీగ మాట. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలనిరి. ఈ సామెతను అడ్డము పెట్టుకొని బెత్తముతో పిల్లలను వంచిన పంతుళ్లను మేము మా చిన్ననాట ఎరుగుదుము. బోన్సాయ్ పెంచువాడు అట్లు చేయడు. కొమ్మ లావులో మూడవ వంతు లావు గల అల్యూమినియం తీగను ఏటవాలుగా చుట్టి, రెండు బొటన వ్రేళ్లతో కొద్దికొద్దిగా వంచును. తొందరపడినచో కొమ్మ విరుగును. పెరుగు కాలమున కొమ్మ లావెక్కి తీగ బెరడులోనికి దిగును గనుక వారము వారము చూచుచు, మచ్చ పడకముందే తీగను ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసివేయును. కొమ్మ ఆ వంపును తనదిగా చేసికొనిన పిమ్మట తీగతో పని లేదు. పిల్లలను పెంచు తల్లిదండ్రులలో ఎందరికి ఈ ఓర్పు కలదో ఎవరికి వారే చెప్పుకొనవచ్చును.

ప్రకృతికి విరుద్ధమందురా? బావి ఒరలలోను, గుడి గోపురపు పగుళ్లలోను, పాత మిద్దెల పిట్టగోడలలోను పక్షులు రాల్చిన విత్తు మొలచి, ఏండ్లు గడచినను మూరెడు మించని రావిని చూడనివారెవరు? అది ప్రకృతి పెంచిన బోన్సాయ్. అయినను దాని జాతి మారలేదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరములకు పైగా వ్యాపించి, 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది. మా కుండీలోని మూరెడు మర్రియు ఆ జాతిదే. దానికిని ఊడలు దిగును. దానిని తీసి నేలలో నాటినచో మరల మహావృక్షము కాగలదు. కుండీ దాని కొలతను మార్చినది, పుట్టుకను మార్చలేదు. మరియొక విశేషము: కుండీలో ఆకు చిన్నదగును గాని పువ్వు, కాయ ఆకు వలె చిన్నవి కావు. కుండీలోని దానిమ్మకు కాసిన కాయను చూచి ఎవ్వరును దానిని మరుగుజ్జు కాయ యనరు.

రెండవ అపవాదు అశుభము. ఇంట బోన్సాయ్ ఉన్నచో ఇంటివారి ఎదుగుదల కుంటుపడునని వాస్తు చెప్పువారు కొందరు ప్రచారము చేయుచున్నారు. బోన్సాయ్ జపాను మాట. బోన్ అనగా పళ్లెము వంటి పాత్ర, సాయ్ అనగా నాటుట. ఆ పేరునకు శుభాశుభములను మన పూర్వుల గ్రంథములలో వెదకుట వ్యర్థము. కోటలోని తులసియు కొద్ది మన్నులో పెరుగునదే గదా? రావిని, మర్రిని ఇంటికి దగ్గరగా నేలలో నాటవద్దని పెద్దలు చెప్పినదానికి కారణము కంటికి కనబడుచునే యున్నది. వాటి వేళ్లు పునాదులను చీల్చును. కుండీలో ఆ భయము లేదు. పిల్లవాని చదువు సాగకున్నచో కారణమును ఇంటిలోపల వెదకవలెను గాని మిద్దె మీది కుండీలో వెదకరాదు.

మూడవ అపవాదునకు రెండు నాలుకలు కలవు. కొందరు ఇది పరదేశపు వ్యామోహమందురు. మరికొందరు ఇదంతయు మన ఋషులే కనిపెట్టి లోకమునకు పంచిరని, నిదర్శనము చూపకయే గర్వింతురు. ఇరువురికిని మా జవాబు ఒక్కటే. చీనాలో 706వ సంవత్సరము నాటి ఒక రాజకుమారుని సమాధి గోడపై, చిన్న మొక్కలును రాళ్లును అమర్చిన పళ్లెమును మోయుచున్న పరిచారకుల చిత్రము కలదు. ఆ విద్య చీనా నుండి జపానునకు పోయి అక్కడ నియమములను, పేరును సంపాదించుకొన్నది. ఇచ్చినవారి పేరు చెప్పి పుచ్చుకొనుట మర్యాద. అందు మనకు చిన్నతనము లేదు. మిరపకాయ అమెరికా ఖండము నుండి వచ్చినది. అందుచేత ఆవకాయ జాడీని పరదేశపు వ్యామోహమని వీధిలో పారవేసిన తెలుగువారిని మేము చూడలేదు.

నాలుగవ అపవాదు, ఇది ధనవంతుల వేడుక యనుట. అంగడిలో వేలు పోసి కొనువారికి అట్లే తోచును. సున్నము వేయించునపుడు గోడ పగుళ్ల నుండి పెరికి పారవేయు రావి మొక్కకు వెల ఏమున్నది? మర్రి కొమ్మను నాటినను వేరు పట్టును. చింతగింజకు ఎవ్వరును డబ్బడుగరు. అడుగున రంధ్రము గల మట్టి మూకుడు చాలును. అడవి నుండి పాత చెట్లను దొంగతనముగా త్రవ్వి తెచ్చి అమ్మువారు కొందరు కలరు. వారిని మేము ఈ విద్యకు శత్రువులుగానే ఎంచుదుము. మంచి చెట్లను చూడగోరువారు బెంగుళూరు లాల్‌బాగు పుష్ప ప్రదర్శనల సందర్భమున జరుగు బోన్సాయ్ పోటీలకు పోవచ్చును. మైసూరు దత్తపీఠమునందలి కిష్కింధా మూలికా బోన్సాయ్ వనమును దర్శింపవచ్చును. చూచుటకు పోయినవారు అక్కడి మాలీలతో మాటలాడవలెను. చేతికి మన్ను అంటినవాడు చెప్పునది పుస్తకమునకు దొరకదు.

ఈ నలుగురు నిందకుల కన్న, ఈ చెట్టునకు ఎక్కువ అపకారము చేయుచున్నవారు దాని మిత్రులమని చెప్పుకొనువారు. వారు గృహప్రవేశమునకు కానుకగా వచ్చిన చెట్టును కొయ్యసామానులో ఒకటిగా ఎంచి, టెలివిజన్ ప్రక్కన నిలుపుదురు. ఎండ తగులనీయరు. రెండు దినములు మరచి, మూడవ దినమున కుండీ నిండ నీరు పోయుదురు. తీగ బెరడులో దిగి కొమ్మ వాచినను చూడరు. బంధువులు వచ్చినపుడు మాత్రము దానిని చూపి, దాని వయస్సు చెప్పి మురియుదురు. రెండు మాసములకు ఆకులు రాలినపుడు, ఈ చెట్లు మన ఎండకు నిలువవని తీర్పు చెప్పుదురు. చెట్టు ఎండకు చావలేదు, ఎండ లేక చచ్చినది. ప్రదర్శించుటను ప్రేమించుట యని భ్రమించువారి ఇంట ఏ చెట్టును బ్రతుకదు.

బ్రతుకుట యనగా నేమో తెలియగోరువారు హిరోషిమా పైన్ చెట్టు కథ వినవలెను. జపానులోని యమాకీ వంశమువారి తోటలో పెరిగిన ఆ చెట్టు 1625 నుండి కుండీలో శిక్షణ పొందుచున్నది. 1945 ఆగస్టు 6వ తేదీన అణుబాంబు పడినపుడు ఆ తోట, బాంబు పేలిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున నుండెను. గోడ చాటున నున్న ఆ చెట్టు బ్రతికినది. 1976లో ఆ వంశమువారు దానిని అమెరికా దేశమునకే కానుకగా పంపిరి. వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానము దానిని స్వీకరించినది. అది బాంబు నుండి బయటపడిన చెట్టని అక్కడివారికి 2001 వరకు తెలియదు. యమాకీ గారి మనుమలు చూడవచ్చినపుడు తెలిసినది. 2025 నాటికి ఆ చెట్టు కుండీలో 400 సంవత్సరములు గడపినది. ఇన్ని తరములలో నీరు పోయవలసిన ఒక్కడు వేసవిలో పది దినములు మరచియుండినచో ఆ కథ అక్కడితో ముగిసియుండును.

ఇప్పుడు మన అతిథుల ఉపమానమునకు వత్తము. పరరాష్ట్రపు తెలుగు బోన్సాయ్ వంటిదందురా? సరే, ఒప్పుకొందము. మన పెద్దలు షోలాపురపు మగ్గముల దగ్గరను, హోసూరు పల్లెలలోను, బరంపురపు వీధులలోను కొద్దిపాటి మన్నులో ఈ మాటను నాటి, దినదినము నీరు పోసి మనకు అప్పగించిరి. ఇంటిలో మాటలాడిరి, తిట్టిరి, లాలించిరి, లెక్కలు వ్రాసిరి. కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ మాటలు కొన్ని అందు కలిసినవి; ఆకు కొంత చిన్నదైనది. కాయ చిన్నది కాలేదు. జాతి మారలేదు. కావున ఆ ఉపమానము మనకు అవమానము కాదు, మన్నన.

అయితే ఆ మన్ననకు నేడు మనము తగుదుమా? ఇది మా అసలు వివాదము. ఇది అతిథులతో గాదు, మనతోనే. ఏడాది కొకసారి ఉగాదినాడు పచ్చడి పంచి, పద్యము పాడించి, సంచిక అచ్చువేయించి, మిగిలిన మూడువందల అరువది నాలుగు దినములు మనుమలతో తెలుగు మాట ఆడకుండుట, బోన్సాయ్ కుండీకి ఏడాది కొకసారి కడవెడు నీరు పోయుట వంటిది. టెలివిజన్ ప్రక్కన చెట్టును నిలిపినవారిని ఇంతకు ముందు నిందించితిమి. మన సంఘభవనములలో గోడకు తగిలించిన తెలుగుతల్లి పటము వారి చెట్టు కన్న మెరుగైన స్థితిలో నున్నదా?

1923 నాటి భూకంపము టోక్యో నగరమును పాడుచేసినపుడు, అక్కడి బోన్సాయ్ పెంపకందార్లు కొందరు ఓమియా అను చోటికి తరలిపోయి, 1925లో ఒక గ్రామమును స్థాపించుకొనిరి. అక్కడ నివసింపగోరు ప్రతివారును కనీసము పది చెట్లు పెంచవలెననియు, చూడవచ్చినవారికి తోట వాకిలి తెరచియుంచవలెననియు కట్టుబాటు చేసికొనిరి. ఇల్లు వదలి వచ్చినవారు ముందుగా వ్రాసికొనిన నియమమది. ఆ గ్రామము నేటికిని కలదు.

మన సంఘములకును అట్టి కట్టుబాటు కావలెను. సభ్యత్వమునకు చందా యొక్కటే చాలదు. ఇంటిలో దినమునకు పావుగంట తెలుగు చదివించువారే, పిల్లలు తప్పు మాట పలికినపుడు నవ్వక ఓర్పుతో దిద్దువారే, పొరుగింటి కన్నడిగులకును తమిళులకును వాకిలి తెరచియుంచువారే సభ్యులు కావలెను. ఎగతాళి చేసినచో పిల్లవాడు మాట మానుకొనును. కొమ్మ విరుగుట యనగా నదే. ఇది చేయలేమందుమేని, వచ్చు ఉగాదికి అతిథులు మనలను బోన్సాయ్ చెట్లతో పోల్చినపుడు లేచి నిలిచి, అయ్యా, ఆ చెట్టును అవమానింపకుడు, దానికి నీరు పోయువారు కలరు అని మనమే చెప్పవలసి వచ్చును.