నాన్న లుంగీకి మారాడు

నాకు తెలిసినప్పటి నుంచి మా నాన్న తెల్లపంచె మనిషి. పొలానికెళ్లినా పంచే, గుంటూరు మిర్చి యార్డుకెళ్లినా పంచే. ఈ జనవరిలో మొదటిసారి గళ్ల లుంగీ కట్టాడు, అదీ ముదురు నీలంది. ఎవరైనా అడిగితే "చలికాలం కదా" అన్నాడు. పరుచూరు పక్కన చలి ఎంతుంటుందో మీకు తెలియందా!

అసలు సంగతి ప్రొస్టేట్ క్యాన్సర్. గ్రంథి దాటి బయటికి పాకకముందే దొరికింది. డిసెంబరులో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. ఊళ్లో మాత్రం కిడ్నీలో రాయి అని చెప్పాం. ఆ రాయి నాన్న పుట్టించిందే, కానీ అమ్మా నేనూ కూడా మోశాం.

ఇంటికొచ్చాక మొదటి పది రోజులూ పైపుతోనే. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని వచ్చేశా. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి వెళ్తుంది. రాత్రిళ్లు మంచం పట్టెకి కట్టేవాణ్ణి. నిండకముందే వంచాలి. కొంచెం ఎర్రగా వస్తే కంగారు పడక్కర్లేదు. గడ్డలు పడినా, ధార ఆగిపోయినా, జ్వరమొచ్చినా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. విరేచనం సాఫీగా అయ్యేట్టు చూడాలి, ముక్కకూడదు. ఆరు వారాలు బరువులెత్తకూడదు, బండి ఎక్కకూడదు. ఇవన్నీ ఫోన్లో చెక్‌లిస్ట్ చేసిపెట్టా. మనకి చేతనైంది అదే కదా.

పైపు తీసిన రోజు పండగనుకున్నాం. అసలు కథ ఆ రోజే మొదలైంది.

మూత్రాన్ని ఆపడానికి ఒంట్లో రెండు కవాటాలున్నాయనుకోండి. ప్రొస్టేట్ తీసేసినప్పుడు పైదానికి దెబ్బ తగులుతుంది. ఇక కింద ఉన్న కండరం ఒక్కటే మొత్తం పని నేర్చుకోవాలి. బ్యాకప్ సర్వర్ మీద ప్రొడక్షన్ లోడంతా వచ్చి పడ్డట్టు. అందుకే లేచినా, దగ్గినా, తుమ్మినా కారిపోతుంది. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. డిశ్చార్జ్ కాగితంలో దీని గురించి ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను: కటి కండరాల వ్యాయామం చేయాలని. ఎలా చేయాలో ఎవరూ చెప్పలా.

వెతికి చదివి నేనే నేర్పించా. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి బిగించాలి, ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. పొట్టా తొడలూ బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. పైపు ఉన్నన్నాళ్లూ అసలు చేయకూడదు. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు కాన్పు అయిన ఆడవాళ్ల కోసం ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఇది. ఆ మాట చెప్తే అమ్మ చాన్నాళ్ల తర్వాత నవ్వింది. "అయితే ఇప్పుడు మీ నాన్న బాలింతన్నమాట."

డైపర్లు పరుచూరులో కొనలేదు. మందుల షాపాయన మాకు బాగా తెలిసినాయన. చిలకలూరిపేట వెళ్లి నల్ల కవర్లో తెచ్చేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ఉంది. డిశ్చార్జ్ ముందు డాక్టరు "మగతనం విషయంలో కొంతకాలం ఇబ్బంది ఉంటుంది" అని మొదలెట్టగానే నాన్న గోడ గడియారం చూశాడు, నేను ఫోన్ మోగినట్టు నటించి బయటికొచ్చేశా. జాన్స్ హాప్కిన్స్‌లో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ 1982లో అంగస్తంభన నరాలని కాపాడుతూ ఈ ఆపరేషన్ చేయడం మొదలుపెట్టాడు. అలా కాపాడినా ఆ నరాలు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది రెండేళ్లు పడుతుంది. మందులూ ఉన్నాయి. ఇదంతా చదివి కూడా నాన్నతో అనలేకపోయా. అమ్మకి వాట్సాప్‌లో ఓ వీడియో పంపా. బ్లూ టిక్ పడింది. దాని గురించి ఎవరం ఏమీ మాట్లాడుకోలా.

సంక్రాంతి వెళ్లాక ఓ రోజు మా బాబాయి కొండపిండి ఆకు పట్టుకొచ్చాడు, రాళ్లు కరుగుతాయని. పొలం గట్లన్నీ తిరిగి కోసుకొచ్చాడట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సరొస్తే మిగతావాళ్లకి ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. బాబాయికి 56 ఏళ్లు. పీఎస్ఏ అనే రక్తపరీక్ష గురించి డాక్టర్ని అడగాల్సిన మనిషి రాళ్లాకు కోసుకుంటూ తిరుగుతున్నాడు. నేనే చెప్పేద్దును, కానీ జబ్బు నాది కాదు.

ఆ రాత్రి నాన్నకి లాయిడ్ ఆస్టిన్ కథ చెప్పా. అమెరికా రక్షణ మంత్రిగా ఉండగా 2023 డిసెంబరు 22న ఆయనకీ ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషనే జరిగింది. బయటికి చెప్పలేదు. జనవరి 1న ఇన్ఫెక్షన్‌తో మళ్లీ ఆస్పత్రిలో చేరాడు. చేరిన సంగతి అధ్యక్షుడు బైడెన్‌కి 4న తెలిసింది, క్యాన్సర్ అన్న సంగతి 9న. పెద్ద గొడవై చివరికి క్షమాపణ చెప్పుకున్నాడు.

నాన్న అంతా విని, "పాపం, ఆయన ప్యాంటూ తడిసిందేమోరా" అన్నాడు.

రెండు రోజుల తర్వాత బాబాయిని తనే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. నేను లోపల మీటింగ్‌లో మ్యూట్‌లో ఉన్నా. బాబాయి గొంతు ముందు పెద్దదైంది, "నాకు చెప్పవా అన్నయ్యా" అని, తర్వాత బొత్తిగా వినపడలేదు. వచ్చే వారం ఒంగోలు వెళ్లి పరీక్ష చేయించుకుంటానన్నాడట.

ఆరు వారాలకి నాన్న పీఎస్ఏ చేయించాం. గ్రంథే లేదు కాబట్టి దాదాపు సున్నా ఉండాలి. 0.1 కంటే తక్కువొచ్చింది. మూడు నెలలకి మళ్లీ చేయించాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చేయిస్తూనే ఉండాలి.

ఫిబ్రవరిలో కల్లంలో మిరపకాయలు పోశారు. నాన్న అటు వెళ్లడం మానేశాడు. ఎండుమిరప ఘాటుకి తుమ్మని మనిషుండడు, తుమ్మితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కూలీల ముందు ఆ పని జరగకూడదని భయం. దానికీ ఒక కిటుకుంది: తుమ్ము వస్తున్నప్పుడే ముందు బిగించి, తర్వాత తుమ్మాలి. వారం రోజులు ఇంట్లోనే కావాలని దగ్గుతూ ప్రాక్టీస్ చేశాడు. పక్కింటావిడ దగ్గుమందు పంపింది.

మొన్న ఆదివారం కల్లానికి వచ్చాడు. నీలం లుంగీ, లోపల ప్యాడ్. వచ్చిన రెండు నిమిషాలకే ముఖం చిట్లించి, ఒక్క క్షణం కొయ్యలా నిలబడి, గట్టిగా తుమ్మాడు. నేను లుంగీ వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డా.

"నా వంక చూస్తావేంట్రా, ఆ తాలుకాయలు చూడు, ఎర్రకాయల్లో కలిసిపోతున్నాయి," అని అరిచాడు. 40 కిలోల పైనుండే టిక్కీ ఎత్తి కాటా మీద పెట్టడం ఈ ఏడు నా వంతు. రెండోదానికే నడుం పట్టేసింది.