కథకుడు తప్పుకుంటే



కిందటి కార్తీకమాసంలో ఒక సాయంకాలం, అత్తిలిలో మా యింటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఇద్దరు పిల్లలు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. వాళ్లతో వచ్చిన మూడోవాడు మటుకు గుమ్మం దాటలేదు. వీధిలోనే సైకిలు పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలుచున్నాడు.

"మాస్టారండీ, మా దళం ఉంచమంటారా, ఎత్తెయ్యమంటారా?" అని అడిగింది వాళ్లలో అమ్మాయి.

ఏ దళమో నాకు తెలుసు. ముగ్గురూ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. రెండేళ్లుగా అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెబుతున్నారు. అంతకు ముందు యేడు సుబ్రహ్మణ్య షష్ఠికి మా వీధి పందిట్లో చెబితే, మిఠాయి అంగళ్ల దగ్గరి జనం కూడా అక్కడికే వచ్చి నిలబడ్డారు. వాళ్ల పేర్లు నేనిక్కడ వ్రాయను. దళంలో ఎవరి పని ఏదో అదే వాళ్ల పేరనుకోండి.

బుర్రకథ చూడనివాళ్లు మీలో కొందరుంటారు. అందుకని రెండు ముక్కలు చెబుతాను. నడుమ నిలబడేవాడు కథకుడు. భుజాన తంబూరా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు పెట్టుకుని, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథ పాడతాడు. అతనికి చెరొక పక్క ఒక్కొక్క వంత. వాళ్లు డక్కీలు వాయిస్తూ, "తందాన తాన" అంటూ వంత పాడతారు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంత రాజకీయం చెబుతాడు. అంటే కథను ఆపి, ప్రశ్నలు వేసి, లోకంలో సంగతులు దానికి ముడిపెడతాడన్నమాట. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజరు గారు ఈ కళకు ఎంత పేరు తెచ్చారంటే, 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం మిరియాల అప్పారావు గారు కూడా బుర్రకథకే జీవితం ధారపోశారు. ఆయన 2025 జనవరిలో కన్నుమూశారు. ఆ నెలలోనే ఆయనకూ పద్మశ్రీ ప్రకటించారు.

మన కథకు వద్దాం. వీధిలో సైకిలు పట్టుకున్నవాడే కథకుడు. అరుగెక్కినవాడు హాస్యం. అమ్మాయి రాజకీయం.

"వాడు ఇక పాడనంటున్నాడండీ. షష్ఠి ఇంక నెల కూడా లేదు. భయపడి పారిపోతున్నాడు," అన్నాడు హాస్యం, వీధిలోకి వినబడేట్టుగా.

"భయం కాదు!" అని వీధిలోంచి జవాబు వచ్చింది. ఆ రెండు మాటల్లోనే గొంతు ఒకసారి కిందికి జారి, ఒకసారి పైకి ఎగిరింది. నాకు సంగతి బోధపడింది.

మన గొంతులో స్వరపేటిక అని ఒకటుంది. అందులో రెండు సన్నటి కండర మడతలు ఉంటాయి. వాటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరి వాటి నడుమగా వచ్చేటప్పుడు అవి అదురుతాయి, అదే ధ్వని. చిన్నపిల్లలు మాట్లాడేటప్పుడు అవి సెకనుకు సుమారు 250 నుంచి 300 సార్లు అదురుతాయి. ఎదిగిన మగవాడికి 100 నుంచి 130 సార్లు. పన్నెండు, పదిహేనేళ్ల నడుమ మగపిల్లల స్వరపేటిక త్వరత్వరగా పెరుగుతుంది. తంత్రులు పొడుగవుతాయి, లావవుతాయి. వీణ మీద లావు తీగె ఎట్లా మోగుతుందో, సన్నతీగె ఎట్లా మోగుతుందో మీరు వినే ఉంటారు. గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా దిగిపోతుంది. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది గాని, రెండు మూడు స్వరాల మేరకే. ఈ కొత్త తంత్రులను ఎంత బిగించాలో కండరాలకు ఇంకా అలవాటు కాదు. అందుచేత మాట నడుమ జారుతుంది, కీచుమంటుంది. కొందరికి కొద్ది నెలలు, కొందరికి యేడాది, ఆపైన కూడా పడుతుంది. ఇది జబ్బు కాదు, పిరికితనం అంతకంటే కాదు.

ఈ సంగతి తెలిసి కూడా నేను ఒకప్పుడు తప్పు చేశాను. చెబితే సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఊరి బళ్లో మంచి పాటగాడు ఉండేవాడు. వార్షికోత్సవానికి పాడమంటే "వద్దండీ" అన్నాడు. రెండోసారీ "వద్దండీ" అన్నాడు. "పిరికివాడివి" అని పదిమందిలో అన్నాను. పాడాడు. రెండో చరణంలో గొంతు విరిగింది. పందిరంతా ఘొల్లున నవ్వింది. ఆ తరువాత వాడు పదో తరగతి పూర్తయిందాకా ప్రార్థన పాటలో కూడా పెదవి కదపలేదు. ఇప్పటికీ గొంతు మారుతున్న పిల్లవాణ్ణి చూస్తే నాకు వాడే గుర్తుకొస్తాడు.

అందుచేత ముందు హాస్యాన్ని పిలిచి, భయమన్న మాట వెనక్కు తీసుకోమన్నాను. తీసుకున్నాడు, కాస్త ముక్కుతూనే. తరువాత కథకుణ్ణి అరుగు మీదికి రమ్మన్నాను. రాలేదు. సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి అరుగు చివర పెట్టి, మళ్లీ సైకిలు దగ్గరికి పోయాడు. కథంతా వాడి చేతివ్రాతే. పాటలు నీలిసిరాతో, వంతల మాటలు ఎర్రసిరాతో.

"పుస్తకం మీరే ఉంచుకోండి. దళానికి మటుకు వేరే పేరు పెట్టుకోండి," అన్నాడు.

దళానికి పేరు పెట్టింది వాడే మరి. చూశారా, పాటగాడు తప్పుకుంటే పోయేది పాట ఒక్కటే కాదు. పేరు ఎవరిది, కథ ఎవరిది అన్న తగవు కూడా వస్తుంది.

ఇక ఆలోచనలు మొదలైనాయి. వాడి గొంతు కుదిరిందాకా ఆగుదామంది రాజకీయం. మంచి మాటే, కాని యేడాది ఆగితే మిగిలిన ఇద్దరికీ కథ మరుపున పడుతుంది. పోయినేటి పాట ఫోనులో ఉంది, అది పెట్టి వంతలు తాము పాడతామన్నాడు హాస్యం. "మీ జోకుకు జనం నవ్వితే, నవ్వు ఆగిందాకా ఫోను ఆగుతుందిట్రా?" అని అడిగాను. వాడే నవ్వేశాడు. సంగీతం నేర్చుకుంటున్న ఇంకో అబ్బాయిని తెద్దామన్నారు హాస్యం వాళ్ల నాన్నగారు. సరే, అది చూద్దామన్నాను.

ఇట్లాంటి చిక్కు మన అత్తిలి పిల్లలకే వచ్చిందనుకోకండి. ఇంగ్లండులో ఒక బళ్లో చదువుకునే పిల్లలు 1967లో జెనెసిస్ అనే సంగీత బృందం పెట్టారు. దాని ముఖ్య గాయకుడు పీటర్ గేబ్రియల్ 1975లో తప్పుకున్నాడు. అందరూ పని అయిపోయిందన్నారు. బయటి గాయకులను పిలిచి పాడించి చూశారు, ఎవరూ కుదరలేదు. చివరికి వాళ్లలో డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ పాడాడు. అతను అప్పటికి అయిదేళ్లుగా వెనక కూర్చుని వాయిస్తూ వంత పాడుతున్నవాడే! డక్కీ వాయించే మన వంతలాగే అన్నమాట. ఆ తరువాత వాళ్లకు ఇంకో సంగతి తెలిసివచ్చింది. ముందుకు వచ్చి పాడేవాడు వెనక డ్రమ్ములు వాయించలేడు గదా? కచేరీలకు ఇంకొక డ్రమ్ములవాణ్ణి వెతుక్కోవలసి వచ్చింది.

వియన్నా నగరంలో బాలుర గాయక బృందం సంగతి ఇంకా చిత్రం. 1498లో రాజాస్థానంలో మొదలైంది. నడుమ కొన్నేళ్లు ఆగిపోయి, 1924లో మళ్లీ నిలబడింది. అక్కడ గొంతు మారిన ప్రతి పిల్లవాడూ తప్పుకోవలసిందే. పాడేవాళ్లంతా వెళ్లిపోతూనే ఉంటారు, బృందం మటుకు ఉంటుంది. ఎందుకంటే కిందివాళ్లు ఎప్పుడూ నేర్చుకుంటూ ఉంటారు. మన సురభివాళ్లు కూడా అంతే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినది మొదలు, వాళ్ల పిల్లలు ఊహ తెలిసీ తెలియక ముందే రంగం మీదికి వస్తారు. పక్కవాడి పద్యం కూడా వింటూ వింటూ నోటికి వచ్చేస్తుంది.

ఆ వియన్నాలోనే పెద్ద చర్చిలో పాడుతూ ఉన్న హైడన్ అనే కుర్రవాడికి గొంతు మారితే, వాడు కాకిలా కూస్తున్నాడని మహారాణి అన్నదని చెప్పుకుంటారు. కొలువు పోయింది. పిల్లలకు పాఠాలు చెప్పుకుని పొట్ట పోసుకున్నాడు. తరువాత నూరు పైచిలుకు సింఫనీలు కూర్చినవాడు ఆ హైడనే. ఈ ముక్క నేను కొంచెం గట్టిగా, వీధిలోకి వినబడేట్టు చెప్పానని ఒప్పుకుంటాను.

సంగీతం నేర్చిన అబ్బాయి మర్నాడు వచ్చాడు. ఎంత బాగా పాడాడనుకున్నారు! కాని హాస్యం అప్పటికప్పుడు ఏదో తమాషా మాట విసిరితే, ఆ అబ్బాయి ఆగలేదు. పాట తనపాటికి పోతూనే ఉంది. రాజకీయం ప్రశ్న వేసి జవాబు కోసం చూస్తే, అతను పుస్తకం చూస్తున్నాడు. రెండు సాయంకాలాలు చూసి, తనంతట తనే "నాకు కుదరదండీ" అని మర్యాదగా చెప్పి వెళ్లాడు. పాట వచ్చినవాడికల్లా కథ వస్తుందని లేదు.

మరి హాస్యానికి కథంతా నోటికి వచ్చు. రెండేళ్లుగా పక్కనే నిలబడి విన్నాడు గదా! మొదలుపెట్టాడు. బాగానే నడిచింది. 1922 ఆగస్టులో రాజుగారి మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయే ఘట్టం వచ్చింది. అక్కడ పాట పైకి లేవాలి. హాస్యం మెడ నరాలు ఉబ్బాయి, ముఖం కందగడ్డ అయింది, గొంతు మటుకు లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. రాజకీయం డక్కీ కింద పెట్టేసింది. నేను కూడా, నిజం చెప్పొద్దూ, ఇక లాభం లేదనే అనుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి ఒక గొంతు, సగం లావుగా, సగం కీచుగా, "అయిదున్నరలో పెడితే వాడెట్లా పాడతాడండీ? అది నా శ్రుతి," అన్నది.

అందరం అటు చూశాం. కథకుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మా పాత హార్మనీ పెట్టె ముందు కూర్చున్నాడు. తిత్తి ఊదుతూ మెట్లు ఒకటొకటే నొక్కి, హాస్యం చేత 'సా' అనిపించాడు. అయిదు. నాలుగున్నర. నాలుగు దగ్గర ఆగాడు. "ఇక్కడ పాడరా."

చింతపల్లి ఘట్టం పైకి లేచింది! అదే పాట, అదే వరస. మేమంతా ఆ కుర్రవాణ్ణి వెనకటివాడి శ్రుతిలో నిలబెట్టి, పాడలేదని వాణ్ణే తప్పుపడుతున్నాం. నలభై యేళ్లు పాఠాలు చెప్పిన నాకూ తట్టలేదు. తప్పుకున్నవాడికే తట్టింది.

జెనెసిస్ వాళ్లకు వచ్చిన చిక్కే ఇప్పుడు మాకూ వచ్చింది. హాస్యం కథకుడైతే హాస్యం చెప్పేదెవరు? ఆరో తరగతి పిల్లవాణ్ణి ఎవరినైనా చూద్దామని రాజకీయం అంటూ ఉండగానే, పాత కథకుడు తిత్తి మూసి, "నా గొంతు ఎట్లాగూ నవ్విస్తోంది. హాస్యం నేనే చెబుతా," అన్నాడు. వాళ్లమ్మగారు ఆ రాత్రి మా యింటికి వచ్చారు. "జనంలో వీణ్ణి చూసి నవ్వుతారేమో మాస్టారండీ," అని బెంగపడ్డారు. పాత సంగతి తలుచుకుని నాకూ బెంగగానే ఉంది. "వాడిష్టానికి వదిలేద్దామమ్మా. ఆ రోజు వద్దంటే, వద్దన్నమాటే," అన్నాను.

షష్ఠి నాటి రాత్రి పందిట్లో నేను వెనక వరసలో కూర్చున్నాను. తెల్లదొర తుపాకులు పోగొట్టుకుని లబోదిబోమనే చోట, వాడి గొంతు దొరగారి మాట నడుమ కీచుమని విరిగింది. పందిరంతా ఘొల్లున నవ్వింది. నా గుండె ఝల్లుమంది. వాడు మటుకు డక్కీ మీద ఒక దెబ్బ వేసి, ఆ కీచుగొంతుతోనే దొర మాట ఇంకోసారి చెప్పాడు. జనం ఇంకా నవ్వారు. కొత్త కథకుడు ఆ నవ్వు ఆగిందాకా ఆగి, అప్పుడు "తందాన" అందుకున్నాడు.

దళం పేరు మారలేదు. నోటుపుస్తకం ఇప్పుడు రాజకీయం దగ్గర ఉంది. మొదటి పేజీలో నీలిసిరాతో ఉన్న 5½ కొట్టేసి, పక్కన పెన్సిలుతో 4 వేశారు. సిరాతో ఎందుకు వెయ్యలేదని అడిగితే, "మా వాడికి కూడా గొంతు మారుతుందిగదండీ," అంది ఆ అమ్మాయి. అదీగాక, పాత కథకుడికి కొత్త గొంతు కుదిరాక నడుమ ఎవరు నిలబడాలన్నది ఇంకా తేలలేదు. ముగ్గురూ మళ్లీ నా అరుగు మీదికే వస్తారు. మీ ఊళ్లో ఇట్లాంటి దళంగాని, భజన బృందంగాని ఉంటే, మీరైతే ఏం చేస్తారో నాకు ఉత్తరం వ్రాయండి. వాళ్లకు చదివి వినిపిస్తాను.