పట్టభద్రుని జీతము - తండ్రి జామీను

ఇంటరు ఫలితములు వెలువడినది మొదలు పట్టణములలో ప్రతి గృహమునను రెండే ప్రశ్నలు వినవచ్చుచుండును. పిల్లవానిని ఏ చదువున చేర్పింతుము? ధన మెక్కడిది? ఇటీవల గణితమును కంప్యూటరు శాస్త్రమును జోడించిన పట్టమునకు గిరాకి మెండైనది. ఢిల్లీ, గౌహతి, ఖరగపూరు, హైదరాబాదు ఐ.ఐ.టి.లలో ఈ శాఖ కలదు. ప్రైవేటు కళాశాలలు కొన్నియు నిదే పేరున తరగతులు నడుపుచున్నవి.

చదువు మంచిదనుటలో మాకు సందేహము లేదు. యంత్రములు మారినను, వానిని నడపు సంకేతభాషలు మారినను, బీజగణితము, గణాంకశాస్త్రము నేర్చిన బుద్ధి పాతబడదు. కాని చదువు మంచిదగుట వేరు. దానికై చేసిన అప్పు మంచిదగుట వేరు. ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేతనే కుటుంబములు చిక్కులబడుచున్నవి.

లెక్క వేసి చూతము. ఏటేట ఆరంభమున రెండున్నర లక్షల చొప్పున నాలుగేండ్లకు 10 లక్షల అప్పు, నూటికి 10 వడ్డీ అనుకొందము. చదువు ముగిసిన పిమ్మట ఒక యేడు గడువు. ఈ అయిదేండ్లలో బారువడ్డీయే మూడున్నర లక్షలగును. ఈ పదమూడున్నర లక్షలను పదియేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 17,840 రూపాయలు కట్టవలయును. మొత్తము చెల్లునది సుమారు 21 లక్షల 40 వేలు. నెలకు 60,000 గడించువాడు జీతములో మూడవవంతు లోపుగనే యిచ్చి ఋణవిముక్తుడగును. 25,000 గడించువానికి మిగులునది 7,160 మాత్రమే. హైదరాబాదులో నది గది అద్దెకు చాలునా, కూటికి చాలునా?

ఏ జీతము వచ్చునో ముందుగా తెలియునెట్లు? కళాశాలల ప్రకటనలు సరాసరి జీతమును పెద్ద అక్షరములతో చూపును. పదిమందిలో ఒకనికి ఏటికి కోటి రూపాయలు, తక్కిన తొమ్మండుగురికి అయిదేసి లక్షలు వచ్చిన వనుకొనుడు. సరాసరి 14 లక్షల 50 వేలు. ఆ జీతము పదిమందిలో నొక్కనికిని లేదు! ఉద్యోగము దొరకనివారిని లెక్కనుండి తొలగించినచో సరాసరి మరింత శోభిల్లును. గణాంకశాస్త్రము బోధించు విద్యాలయమే యిట్టి లెక్క చూపుట వింతలలో వింత. వరుసలో నడుమనున్నవాని జీతమెంత, ఎందరికి కొలువు దొరకలేదు అని తండ్రులు నిలదీసి యడుగవలయును.

మరియొక సంగతి. న్యాయస్థానములను నిత్యము చూచువారము గనుక చెప్పుచున్నాము. 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము 128వ సెక్షను ప్రకారము, పత్రములో వేరుగ వ్రాసుకొననిచో, హామీదారుని బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానము. కుమారునికి కొలువు దొరకలేదనుట జామీను పడిన తండ్రికి సమాధానము కాజాలదు. 4 లక్షల వరకు తాకట్టు అడుగరాదని నియమము కలదు. ఏడున్నర లక్షలు దాటిన పిమ్మట సాధారణముగ ఇంటి దస్తావేజు బ్యాంకి పెట్టెలోనికి పోవును.

ఇతర దేశములు వేరు త్రోవ త్రొక్కినవి. ఆస్ట్రేలియా 1989లోనే చదువు ఋణమును ఆదాయమునకు ముడివేసినది. ఇంగ్లండులో 2023 ఆగస్టు నుండి చేరినవారు ఏటికి 25,000 పౌండ్లకు మించిన ఆదాయముపై మాత్రమే నూటికి 9 వంతున చెల్లింతురు. 40 ఏండ్లకు మిగిలిన బాకీ రద్దగును. నలుబదియేండ్లన్న ఉద్యోగ జీవితమంతయు. ఆ పద్ధతియు దోషరహితము కాదు. అయినను జీతము లేనినాడు అక్కడ వాయిదా లేదు. మన బ్యాంకి వాయిదాకు జీతముతో పని లేదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పీ.ఎం. విద్యాలక్ష్మి పథకము తాకట్టును, జామీనును తొలగించినది. ఏడున్నర లక్షల వరకు ఋణములో నూటికి 75 వంతులకు ప్రభుత్వమే హామీ నిచ్చుచున్నది. ఇది శ్లాఘనీయము. కాని ఎంపికైన విద్యాసంస్థలకే యిది వర్తించును. సామాన్య కళాశాలలో చేరిన సామాన్యుని బిడ్డకు, అనగా అపాయ మెక్కువగ నున్నవానికే, రక్షణ కొరవడినది.

కావున రెండు సంస్కరణములు కోరుచున్నాము. ప్రతి కళాశాలయు నడిమి జీతమును, ఉద్యోగము లేనివారి సంఖ్యను ఏటేట ప్రకటించునట్లు శాసింపవలయును. వాయిదా ఆదాయమును బట్టి హెచ్చుతగ్గులగునట్లు ఋణపద్ధతిని మార్పవలయును. అంతవరకు తండ్రులకు మా విన్నపమిది: నడిమి విద్యార్థి జీతములో నాలుగవవంతునకు మించు వాయిదా తేలినచో, తక్కువ రుసుముగల కళాశాలలో అదే గణితమును చదివింపుడు. పుత్రుని తెలివిపై నమ్మకము ఉండవలసినదే. కాని ఆ నమ్మకమునకు నివాసగృహమును జామీను పెట్టకుడు.