చిన్న జట్టుతో తొలి పోరు

అమెరికాలో ఎమ్మెస్ చేసొచ్చి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కుదురుకున్నవాళ్లకు ఆగస్టు చివర్లో కాలేజీ ఫుట్‌బాల్ గాలి సోకుతుంది. పెద్ద యూనివర్సిటీలు సీజన్ తొలి ఆటకు కింది డివిజన్ జట్టును డబ్బిచ్చి మరీ పిలుస్తుంటాయి; వాళ్లకు గెలుపు దాదాపు ఖాయం, చిన్న కాలేజీకి నాలుగు రాళ్లు. 2007 సెప్టెంబరు 1న మిషిగన్ అలాగే 4 లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ను పిలిచింది. సొంత మైదానంలో లక్షమందికి పైగా చూస్తుండగా 34-32తో ఓడింది. అంతటి వింత అరుదే. అసలు చిక్కు గెలిచినప్పుడు; ఆ గెలుపు జట్టు నిజమైన బలాన్ని చెప్పదు. క్రికెట్‌లో హైదరాబాద్ రంజీ జట్టు సంగతే తీసుకుంటే, కింది అంచె అయిన ప్లేట్ గ్రూపుకు జారాక 2024 జనవరిలో తొలి మ్యాచ్‌లో నాగాలాండ్‌ను ఇన్నింగ్స్ 194 పరుగులతో చిత్తు చేసింది. అదే నెలలో అరుణాచల్‌ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ బాది ఫస్ట్‌క్లాస్ ప్రపంచ రికార్డు కొట్టాడు. కేరింతలు సహజం. పై అంచె ఎలీట్‌కు తిరిగొచ్చాక మాత్రం, అక్టోబరులో సొంతూళ్లో ఆడిన తొలి మ్యాచ్‌లోనే గుజరాత్ చేతిలో ఓటమి! కాబట్టి శనివారం రాత్రి మేలుకొని కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లు స్కోరును కాసేపు పక్కనపెట్టి, ఆధిక్యం పెరిగాక దిగే రెండో వరుస కుర్రాళ్లను గమనించడం మేలు. నవంబరుకల్లా గాయాలు పెరిగాక ఆడాల్సింది వాళ్లే.